సిక్స్‌టెన్ గొడుగు ముడిచిన కథ

అంగారకుడి గాలి ఎక్కడికి పోయిందో మా ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. సిక్స్‌టెన్ మమ్మల్ని అంతగా వాయించాడు. ఉత్తర స్వీడన్‌లో ఇనుప గని పక్కనున్న ఊరు మాది. ఇక్కడి అంతరిక్ష కేంద్రంలో అతను పెద్ద శాస్త్రవేత్త. ఏటా చలికాలంలో గ్రంథాలయంలో ప్రసంగించి ఎర్ర గొడుగొకటి తెరిచేవాడు. భూమికి అయస్కాంత క్షేత్రం ఇలాంటి గొడుగట. సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలు మన గాలిని ఎత్తుకుపోలేవట. అంగారకుడి గొడుగు ఎప్పుడో పోయింది కాబట్టి గాలీ పోయిందట.

అతని దగ్గర పనిచేసే ఐలి, ఉపగ్రహాలు పంపిన కొలతలన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. భూమి గాలి కూడా ధ్రువాల మీదుగా జారిపోతూనే ఉంది, ఇంచుమించు అంగారకుడి నుంచి పోతున్నంత.

"పరికరం పాడైనట్టుంది," అన్నాడు సిక్స్‌టెన్.

"అది నువ్వు చేసిన పరికరమే."

"అయితే నీ లెక్క తప్పు."

"శుక్రుడికీ గొడుగు లేదుగా, మరి అక్కడ అంత గాలెలా నిలిచింది? అంగారకుడు చిన్న గ్రహం, గాలిని పట్టి ఉంచే బలం తక్కువ. సూర్యుడు కుర్రతనంలో మండిపడుతున్నప్పుడే చాలా పోయుంటుంది. అంతా గొడుగు మీదికి నెట్టేస్తే ఎలా?"

"శుక్రుడి సంగతి తర్వాత చూద్దాంలే."

అతని భాషలో 'తర్వాత' అంటే తన పదవీ విరమణ తర్వాత. ఐలి ఎదురుచూసి, విసిగి, ఫిన్లాండ్‌లో ఉద్యోగం చూసుకుని అక్కడి నుంచే వ్యాసం అచ్చు వేయించింది. పత్రికలు దాన్ని తెగ మెచ్చుకున్నాయి. ఆ చలికాలం సిక్స్‌టెన్ మొహం చూడటానికే ఊరంతా గ్రంథాలయానికి ఎగబడింది. ఐలి కూడా వచ్చి వెనక వరసలో కూచుంది.

సిక్స్‌టెన్ చేతిలో గొడుగు లేదు.

"భూమి గాలికి ఢోకా లేదని కొందరు అమాయకులు నమ్మేవాళ్లు. నాకు మాత్రం మొదట్నుంచీ అనుమానమే," అన్నాడు.

ఐలి లేచింది. "ఆ అమాయకుల్లో ఒక్కరి పేరు చెప్పు సిక్స్‌టెన్."

అతను గ్లాసెత్తి నీళ్లు తాగాడు. "శాస్త్రంలో పేర్లు ముఖ్యం కాదు ఐలి."

"అందుకేనా నా పేరు చెప్పలేదు?"

అందరికంటే ముందు నవ్వింది అతని భార్య గున్‌వోర్.

మరుసటి ఏడు ఐలినే ప్రసంగానికి పిలిచారు. ఆమెను పరిచయం చేసే పని సిక్స్‌టెన్ పట్టుబట్టి తీసుకున్నాడు. "నా శిష్యురాలు" అని మొదలుపెట్టి సగం సభ తనే మింగేశాడు. ఐలి దాల్చినచెక్క బన్ను తింటూ తాపీగా విన్నది. తన వంతు వచ్చాక, చేతులు దులుపుకుని, శుక్రుడితో మొదలుపెట్టింది.