రాణి మింగిన ఊపిరిరాయి

మా పాపకి ఆరేళ్ళప్పుడు, అన్నం తినిపించడానికి ఒక కథ అల్లేదాన్ని. మొనదేలిన చెవులుండే ఎల్ఫ్‌లనే వనదేవతలు ఒక అడవిలో ఉంటారు. ఆ అడవంతా ఒకే ఒక్క మణి మీద బతుకుతుంది. దాని పేరు ఊపిరిరాయి. అది వెలుగుతున్నంతసేపూ చెట్లకి ఊపిరాడుతుంది. ఆరిపోతే ఎల్ఫ్‌లు ఒక్కరూ మిగలరు. ముద్దకో మాట చొప్పున దాదాపు ఏడాది నడిచిందా కథ.

బీచ్‌లో ఒకసారి పాపకి వెలిగే ఉంగరం కొనిచ్చాను. పచ్చ ప్లాస్టిక్ రాయి, నొక్కితే మిణుకుమంటుంది. ‘ఇదే ఊపిరిరాయి’ అంది పాప. నేనూ అవునన్నాను.

ఒక రాత్రి బీరకాయ కూర వద్దని మూతి బిగించింది. నేను కథకి కాస్త కారం తగిలించాను. రాక్షసులు కోటలో చొరబడ్డారు. మణిని ఎక్కడ దాచాలో తెలీక ఎల్ఫ్‌ల రాణి దాన్ని మింగేసింది. అది ఆమె గుండెలో చల్లగా వెలుగుతూ ఉండిపోయింది. ఎంత వెతికినా ఎవరికీ దొరకలేదు. పాప నోరు తెరుచుకుని వింది. నాలుగు ముద్దలు లోపలికెళ్ళాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు బడి లేదు. మా ఆయన పరవాడలో మందుల కంపెనీకి పొద్దుటి షిఫ్టుకెళ్ళారు. గోపాలపట్నంలో మేముండే ఇంటి డాబా మీద నేను బట్టలారేస్తున్నాను. కింద పాప, పక్కింటి అక్క కూతురు ఉంగరం కోసం కొట్టుకున్నారు. ఉంగరం విరిగింది. ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికెళ్ళిపోవడం పైనుంచి విన్నాను. పిల్లల గొడవే కదా అని దిగలేదు.

దిగేసరికి పాప గోడకి ఆనుకుని కూర్చుంది. గవును ముందంతా చొంగతో తడిసిపోయింది.

“ఏటయిందే?”

“రాయి మింగేసినాను. అది మళ్ళీ వత్తే లాక్కుంటాదని.”

పచ్చరాయి నేలమీదే ఉంది. “ఇదిక్కడే ఉంది కదమ్మా. ఏటి మింగినావ్?”

“అది పైది. లోపల వెండి రాయుంది. అదే వెలుగుతాది.”

నాకు అర్థం కాలేదు. నా కేకలకి పక్కింటి అక్క పరుగున వచ్చి, “అరటిపండు పెట్టు, దిగిపోద్ది” అంది. పెట్టాను. కొరికి ఉమ్మేసింది. అన్నానికని ఆటోతో ఇంటికొచ్చిన అక్క భర్త వెనకే వచ్చి విరిగిన ఉంగరాన్ని తిప్పి చూశాడు. ఆయన ముఖం మారింది.

“ఇది వాచీ బ్యాటరీయమ్మా. ఇంకేటీ పెట్టకండి. ఆటో తీత్తన్నాను, పద.”

హైవే మీద లారీల మధ్య ఆటో ఆగీ ఆగీ కదులుతోంది. మా ఆయన ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టేసి లోపలికెళ్ళాలి. ఆ సంగతి తెలిసి కూడా మళ్ళీ మళ్ళీ చేశాను. పాప నా ఒళ్ళో ముడుచుకుపోయింది.

“అమ్మా, సల్లగా లేదు. మండుతోంది.”

దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ తెరమీద తెల్లటి గుండ్రాన్ని చూపించింది. “నాణేనికి ఒకటే అంచు కనబడుతుంది. దీనికి రెండున్నాయి, బ్యాటరీయే. అన్నం దిగే గొట్టంలో ఇరుక్కుంది. ఎంతసేపైంది?”

నాకు తెలీదు. ఎన్ని బట్టలారేశానో లెక్కపెట్టుకోవడానికి ప్రయత్నించాను. దుప్పట్లు రెండు, ఆయన యూనిఫాం, తువ్వాళ్ళు. గంటా? గంటన్నరా?

“తడి తగిలితే అక్కడే కాలుస్తుంది. ఎక్కువసేపుంటే చిల్లు పడుతుంది. మత్తిచ్చి ఇప్పుడే తీసేస్తాం” అంటూ కాగితం ముందు పెట్టింది. నా సంతకం నాదిలా రాలేదు.

పాపని లోపలికి తీసుకెళ్ళి తలుపు మూసుకున్నాక, అక్క భర్తకి రాత్రి చెప్పిన కథంతా చెప్పి అన్నాను. “నేనే చెప్పాను బావగారూ, మింగమని.”

“నువ్వు మింగమన్లేదు కదమ్మా. రాణి మింగిందన్నావు.”

“దానికా తేడా ఏటి తెలుస్తాది?”

ఆయన లేచి వెళ్ళి నీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టాడు.

డాక్టరమ్మ వచ్చి చిన్న డబ్బాలో ఉన్నదాన్ని చూపించింది. ఒకవైపు నల్లగా మాడింది. “చిల్లు పడలేదు. పుండు పడింది. మానేదాకా నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. ఈ కొన్నాళ్ళూ జాగ్రత్త” అంది. గండం గడిచిందని మాత్రం అనలేదు.

షిఫ్టు దిగి ఆయన మెళ్ళో ఐడీ కార్డుతోనే పరుగెత్తుకొచ్చారు. ముక్కులో గొట్టంతో పడుకున్న పిల్లని చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. కథతో సహా అన్నీ చెప్పాను. తిట్టుంటే బాగుండేది. “నేనూ విన్నాను కదా ఆ కథ” అన్నారంతే.

తర్వాత రోజుల్లో పాప దగ్గినప్పుడల్లా నర్సు దగ్గరికి పరుగెత్తాను. జ్వరం ఉందేమోనని నుదురు పట్టుకు చూసి, నా చెయ్యి మీద నమ్మకం లేక ఆయన్నీ చూడమనేదాన్ని.

ఐదో రోజు డాక్టరమ్మ చెంచాతో నీళ్ళు పట్టమంది. సగం దాని గడ్డం మీద ఒలికాయి. మిగతావి మింగింది. గొంతు కదలడం కళ్ళార్పకుండా చూశాను.

“నొప్పుందా?”

“లేదు. దాహమేత్తంది” అంది.

చెంచా ఆయనకిచ్చాను. రెండోది ఆయన పట్టారు.