ఖంగుమనని గొట్టం

మొన్న వేసవిలో మావారు డెబ్బైల నాటి సూపర్‌బైక్ కొందామని నన్ను ఎడిసన్‌లో ఒక పెద్దాయన గ్యారేజీకి తీసుకెళ్లారు. ఇంజన్ జపాన్‌దే కానీ, ఫ్రేమ్ మాత్రం ఇంగ్లండ్‌లో చేత్తో చేసిందట.

మావారు చెక్కు రాయబోతుంటే, సంతలో కుండ కొనేటప్పుడు అమ్మ నేర్పినట్టు, నేను ఉంగరంతో ఫ్రేమ్ గొట్టాలు కొట్టి చూశాను.

"ఇదేమన్నా కుండా? పరువు తీయకు!" అన్నారు మావారు.

ఎడమ గొట్టం ఖంగుమంది. కుడిది పగిలిన కుండలా బొంగురుగా పలికింది. సిగ్గుతో మొహం వేడెక్కినా, "ఇక్కడ పెయింట్ గీకమనండి" అన్నాను.

పెద్దాయన నవ్వుతూనే గీకాడు. పెయింట్ కింద పుట్టీ, దాని కింద వేలెడంత పగులు! అది ఆయనకీ తెలియదు. వెంటనే తను రోజూ నడిపే బైక్ తోసుకొచ్చి, "మేడమ్, ప్లీజ్" అంటూ నా ముందు నిలబెట్టాడు.

పరువుకు జడిసి నేను చెయ్యి వెనక్కి తీసుకుని ఉంటే, మావారు ఆ పగులుతోనే హైవే ఎక్కేవారు.