నా హాస్టల్లో మొదట చేరినోళ్ళు

మొన్న ఏం జరిగిందో వినండి. ఇల్లు కట్టించుకోవాలని మా ఆఫీసుకి ఒకాయన వచ్చినాడు. టీ తాగతా తాగతా అడిగినాడు: "మేడం, మీరు మొట్టమొదట డిజైన్ చేసిన బిల్డింగు యాడుంది? దాంట్లో ఉండేవాళ్ళతో ఒక మాట మాట్లాడితే మాకూ ధైర్యంగా ఉంటుంది." నేను బిస్కెట్టు టీలో ముంచి అట్లనే పట్టుకోని ఉండాను. అది మెత్తబడి లోపలికి జారిపోయింది. ఆయనకి ఏం జవాబు చెప్పినానో చివర్లో చెప్తాను. ముందు ఆ బిల్డింగు సంగతి వినాల మీరు.

అది నేను ఆర్కిటెక్చర్ చివరి ఏడాదిలో ఉన్నప్పటి మాట. మాది కెలమంగలం పక్కన పల్లె. ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు, దాని వెనక మల్బరీ తోట. నా థీసిస్ ఏమంటే, హోసూరు ఫ్యాక్టరీల్లో పనిచేసే అమ్మాయిలకి హాస్టలు. కాన్సెప్టు ఒకటే మాట: వెలుతురు. ప్రతి రూముకీ పడమర పక్క ఇంతింత అద్దాలు. ఆ మాటని నేను ఎన్నిసార్లు చెప్పినానంటే, నా రూమ్మేటు సుమతి నేను నోరు తెరిస్తే చాలు, లైటు ఆర్పేసి పండుకునేది.

మోడల్ గోధుమరంగు అట్టతో చేసినాను. రంగు వేయొద్దు, పైకప్పు పెట్టొద్దు, లోపల గదులు కనిపించాల అని మా గైడ్ సార్ ఆర్డరు. వరసగా చిన్న చిన్న చదరపు గదులు, ఒక కొసకి మెట్లు, ఇంకో కొసకి బాత్రూములు. చేతి వేళ్ళంతా కట్టర్ గాట్లు, గోళ్ళ నిండా ఫెవికాల్. సోమవారం జ్యూరీ పరీక్ష అనగా శుక్రవారం మా కాలేజీ హాస్టల్లో ఎలుక మోడల్ ప్రహరీగోడ కొరికేసింది.

భయమేసింది నాకు. ఫెయిలైతే ఇంకో ఆరునెల్లు కాలేజీ. అదీగాక జ్యూరీకి వచ్చే ఎక్స్‌టర్నల్ సార్‌కి ఒక అలవాటు ఉండేది. మోడల్లో నచ్చనిదాన్ని చేత్తో పీకి, "ఇది అవసరమా?" అని అడుగుతాడు. మా సీనియర్ ఒకడు జ్యూరీ అయినాక తన బిల్డింగుని చీపురుతో ఎత్తుకోని పోయినాడు.

అందుకే శనివారం మోడల్ని ఇంటికి తెచ్చి మా పురుగుల షెడ్డులో ఖాళీ స్టాండు మీద పెట్టినాను. అంతకంటే భద్రమైన జాగా మా ఊర్లోనే లేదు. కిటికీలకి వలలు, స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు, చీమ కూడా ఎక్కదు. అమ్మకి ఒక మాట చెప్పి పోయి పండుకున్నాను. ఎన్ని రోజుల నిద్ర బాకీయో, ఆదివారం సాయంత్రం దాకా లేవలేదు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాల. పురుగులు పండినాక, అంటే మేత మానేసి దారం తీసేదానికి సిద్ధమైనాక, గూళ్ళు కట్టేదానికి వాటిని చంద్రికల మీదికి ఎక్కిస్తాము. మా ఇంట్లో ఉండేవి పాతకాలం వెదురు చంద్రికలు. మత్తూరు పక్కన మా మామోళ్ళ ఇంట్లో కొత్తరకం వచ్చినాయి. అట్టతో చేసినవి, వరసగా చిన్న చిన్న చదరపు గదులు. మా అవ్వ వాటిని చూసొచ్చినప్పటి నుంచి మా నాయన ప్రాణం తీస్తా ఉండాది, మనకీ అవే కావాలని.

ఆ ఆదివారమే పురుగులు పండినాయి.

నేను లేచి షెడ్డులోకి పోతే అవ్వ నా మోడల్ ముందర కూర్చోని ఉండాది. నా హాస్టల్లో కుప్పలుగా పురుగులు. తలలు ఊపుకుంటా దారం తీస్తా ఉండాయి.

"అవ్వా, ఏం చేసినావు?"

"లేచినావా పాపా? మీ నాయన అట్ట చంద్రిక తెచ్చి నాకొక మాట చెప్పలేదు చూడు. ఎంత బాగా ఎక్కినాయో."

"అది చంద్రిక కాదు, నా హాస్టలు."

"హాస్టలా? అయితే మంచిదే, పిల్లోళ్ళు చేరినారు గదా."

నాకు ఏడుపు ఆగలేదు. ఒక పురుగును పట్టుకోని తీయబోతే అవ్వ చేతి మీద ఒకటి ఇచ్చింది. "కట్టేటప్పుడు కదిలిస్తే గూడు చెడిపోతుంది, తెలీదా నీకు?" అమ్మ వచ్చి, "రేపు దానికి పరీక్ష అత్తా" అని బతిమాలింది.

"పరీక్ష మళ్ళా వస్తుంది. పురుగు ఒకసారే కడుతుంది" అనింది అవ్వ. తర్వాత నా మొహం చూసి ఏమనుకునిందో, "సరే, అట్లనే ఎత్తుకోని పోదాం. నా పురుగుల్ని నేను చూసుకుంటా" అనింది.

అట్లా సోమవారం పొద్దున హోసూరు బస్సులో ముందు సీట్లో మా అవ్వ. ఒళ్ళో నా థీసిస్, దాని మీద పాత నూలుచీర. కండక్టరు, "ఏమవ్వా, కోడిపిల్లలా?" అన్నాడు. "మా పాప కట్టిన హాస్టలు. డ్రైవరుకి మెల్లగా తోలమని చెప్పప్పా, లోపల పని జరగతా ఉండాది" అనింది అవ్వ. ఆ డ్రైవరు పుణ్యాత్ముడు, ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా బస్సుని నడిపించినాడు.

జ్యూరీ హాల్లోకి ఎక్స్‌టర్నల్ సార్ కంటే ముందు ఆయన సెంటు వచ్చింది. ఆయన బెంగళూరు మనిషి, ఇంట్లో తెలుగే. చొక్కా చేతులు మడుచుకోని, నేరుగా నా మోడల్ గోడ మీదికి చెయ్యి చాపినాడు. అవ్వ కుర్చీలో నుంచి లేచింది.

"ఆడనే నిలబడప్పా. సెంటు పూసుకోనొచ్చినావు. ఆ వాసనకి పురుగులు కట్టేది నిలిపేస్తాయి."

మా గైడ్ సార్ నన్ను చూసినాడు, నేను నేలను చూసినాను. ఎక్స్‌టర్నల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరీమె?"

"మా అవ్వ సార్."

"మరి లోపల ఉండేవి?"

నా నోటికి ఏం పట్టిందో ఏమో, "యూజర్స్ సార్" అన్నాను.

వెనక సుమతి కిసుక్కుమనింది. ఆయన నవ్వలేదు. దూరం నుంచే వంగి చానాసేపు చూసినాడు. "రూములన్నీ ఖాళీగా ఉండాయే. అందరూ బాత్రూముల్లో ఉండారు?"

అప్పుడు చూసినాను నేను. నిజమే. పడమర పక్క గదుల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఉండేవన్నీ బాత్రూముల్లోనూ మెట్ల కిందా ఒకదాని మీద ఒకటి.

"ఎందుకవ్వా అట్లా?" అని ఆయన అవ్వనే అడిగినాడు.

"షెడ్డులో పొద్దు వాలేటప్పటి ఎండ నేరుగా ఆ గదుల్లో పడుతుంది స్వామీ. ఆడ పురుగు నిలవదు. నీడ చూసుకోని పోతుంది."

ఆయన నా పక్కకి తిరిగినాడు. "నీ హాస్టల్లో అమ్మాయిలు నైట్ షిఫ్టుకి పోతారా?"

"పోతారు సార్."

"అంటే పగలు పండుకోవాల. ఈ అద్దాల ముందర?"

ఇన్నాళ్ళు వెలుతురు వెలుతురు అని అరిచినాను గానీ, ఆ పిల్లోళ్ళు ఎప్పుడు పండుకుంటారని ఒక్కసారి కూడా అనుకోలేదు. కిటికీలు మార్చి డ్రాయింగులు మళ్ళా ఇమ్మని చెప్పి ఆయన పాస్ చేసినాడు. ఆ రోజు గోడలన్నీ ఉండంగా బయటికి వచ్చిన మోడల్ నాదొక్కటే. జూనియర్లు అవ్వ చుట్టూ చేరి, "మా జ్యూరీకి కూడా వస్తావా అవ్వా?" అని ఒకటే పోరు. క్యాంటీన్లో చిత్రాన్నం తింటా, "పురుగులు పండే రోజు కాకపోతే వస్తాను" అనింది అవ్వ.

ఇప్పుడు అవ్వ లేదు. పడమర కిటికీ గీసినప్పుడంతా "ఆడనే నిలబడప్పా" అని వినిపిస్తుంది. ఫెవికాల్ వాసన తగిలితే చాలు, ఆ హాలు, ఆ క్యాంటీను, ఒళ్ళో నా హాస్టలు పెట్టుకోని కిటికీ బయటికి చూస్తా ఉండిన అవ్వ, అన్నీ గుర్తొస్తాయి. ఆ రోజులు మళ్ళా కావాలని ఉంటుంది నాకు. జ్యూరీతో సహా.

సరే, క్లయింటు దగ్గరికి వస్తాను. "నా మొదటి బిల్డింగు హాస్టలు సార్. కట్టకముందే నిండిపోయింది" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "ఆ ఉన్నోళ్ళని కలవచ్చా?"

"కుదరదు సార్. వారం లోపలే మా అవ్వ అందర్నీ ఖాళీ చేయించి మార్కెట్లో అమ్మేసింది."

ఆయన టీ గ్లాసు కింద పెట్టేసినాడు. పని పోతుందేమోనని భయపడి కథంతా చెప్పినాను. గదులు నచ్చకపోయినా బాత్రూములు మాత్రం అందరికీ నచ్చినాయని కూడా చెప్పినాను. ఆలోచించి చెప్తానని పోయినాడు. మరుసటి రోజు ఫోన్ చేసి నాకే పని ఇచ్చినాడు. ఇల్లంతా కాదు, బాత్రూములు మటుకు.