అత్తగారికి లిఫ్టున్న ఇల్లు

బస్సు సగం దారిలో మొరాయించింది. డ్రైవరు ఇంజను మూత తీసి లోపలికి తల దూర్చాక, ఈ పూటకి అది కదలదని నాకు అర్థమైపోయింది. బస్సు చెడిపోయిన పుణ్యాన దిగి చూసిన ఊళ్లు నా జీవితంలో చాలానే ఉన్నాయి. అనుకుని వెళ్లిన వాటికంటే అవే బాగా గుర్తు. నాతో దిగినవాళ్లలో ఒక అత్తా కోడలూ ఉన్నారు. అత్తగారు ఫుట్‌బోర్డు దిగడానికి కోడలి భుజం, బస్సు కమ్మీ, నా చెయ్యి, మూడూ కావలసి వచ్చాయి.

"మోకాళ్లండీ అన్నయ్యగారూ," అందావిడ. "నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది."

"దానికి నేను సాక్షిని," అంది కోడలు.

వాళ్లు అద్దెకి ఇల్లు చూడ్డానికి బయలుదేరారట. ఆ ఇల్లు అక్కడికి నాలుగడుగుల దూరమే. ఖాళీ ఇళ్లంటే నాకు పిచ్చి. గోడల మీద మరకలూ మేకులూ చూసి, ఇక్కడెవరుండేవారో, ఎందుకు వెళ్లిపోయారో ఊహించుకుంటూ ఎంతసేపైనా గడిపేయగలను. సంచీ మోస్తానన్న వంకతో వెంటపడ్డాను.

నడుస్తూంటే కోడలి ఉద్యోగం సంగతి తెలిసింది. పెద్ద భవనాల్లో లిఫ్టు తిరిగే నిలువు గొయ్యి చుట్టూ కట్టే గోడలను గీసిచ్చే పని ఆమెది. అవి ఇటుక గోడలు కావు. ఇనుప రేకు చట్రాల్లో బిగించిన జిప్సమ్ పలకలు. అటువైపు కాలు మోపడానికి చోటుండదు కనుక పనివాళ్లు ఇటే నిలబడి మొత్తం బిగించాలి. కోటగోడలు ఎన్నో చూశాను గానీ, ఒక పక్కనుంచే కట్టే గోడ సంగతి వినడం అదే మొదలు.

"నిప్పొస్తే ఆ పలకలు ఆగుతాయా తల్లీ?"

"జిప్సమ్‌లో కంటికి కనపడకుండా నీళ్లుంటాయి బాబాయ్‌గారూ. మంట తగిలితే ముందు ఆ నీళ్లు ఆవిరై పోవాలి. అందాకా ఇవతలి పక్కకి వేడి రాదు. మా గోడ రెండు గంటలు ఆపుతుంది."

"రెండు గంటలంటే ఎవరైనా దిగిపోతారు."

"నేను తప్ప," అంది అత్తగారు.

కోడలు నవ్వలేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఇప్పుడుంటున్న మేడకి లిఫ్టు లేక పెద్దావిడ బయటి ముఖం చూడటమే గగనమైపోయింది. లిఫ్టున్న ఇల్లు తీసుకుందామా అంటే, నిప్పు అంటుకున్నప్పుడు ఎక్కకూడనిది ఆ లిఫ్టే. కోడలు చూసిన ఇల్లల్లా వద్దంటూ వచ్చింది. ఈసారి చూడబోయే భవనంలో గోడలు గీసింది తనే.

"మరింకేం?" అన్నాను.

"గీసేటప్పుడు పరిగెత్తగలిగే మనుషుల్ని తలుచుకుని గీశానండీ."

"ఊళ్లో అత్తగార్లందరినీ నీ గోడ పక్కన పడుకోబెట్టావు. నన్నొక్కదాన్నే మెట్లెక్కమంటావా?" అందావిడ.

ఇల్లు పై అంతస్తుల్లో ఉంది. వాచ్‌మన్ లిఫ్టులో తీసుకెళ్లి తలుపు తీశాడు. అత్తగారు తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లి, దాని గట్టు మీద చతికిలబడింది. కింద క్షౌరశాల, సైకిళ్ల కొట్టు, ఎవరితోనో దెబ్బలాడుతున్న కూరలావిడ. "మనుషులే!" అంది, ఎప్పుడూ చూడనట్టు.

కోడలు ఇంట్లోకి రానేలేదు. వాచ్‌మన్‌ని స్టూలు అడిగి, లిఫ్టు పక్కన వరండా ఫాల్స్ సీలింగులో ఒక పలక పైకెత్తి టార్చి వేసింది. స్టూలు నేను పట్టుకున్నాను. గోడకీ పైనున్న శ్లాబుకీ మధ్య వేలెడు సందు వదిలారట. శ్లాబు బరువుకి కాస్త కుంగినా గోడ నలగకూడదని. ఆ సందులో నిప్పంటుకోని, దూదిలాంటి రాతినూలు నిండుగా కుక్కి ఉంది. "ఎంత బాగా చేశారో!" అంది, కూతురి చేతిరాత చూసిన తల్లిలా.

తర్వాత కేబుళ్ల అల్మారా తెరిచింది. ముఖం మారిపోయింది. గోడలోంచి తీగలు వెళ్లే కంతలో పాత పేపరు కుక్కి ఉంది. ఏ కాగితం కనిపించినా చదివే జబ్బు నాది, లాగి విప్పాను. సగం నింపిన పదకేళి. నింపినదాంట్లోనూ ఒకటి తప్పు.

"పొగంతా ఇక్కణ్ణుంచే వచ్చేస్తుంది," అంది మెల్లగా. "నిప్పుని ఆపే ముద్ద పెట్టాల్సిన చోట కాగితమా!"

లోపల్నుంచి అత్తగారు, "వెళ్దామా అమ్మాయ్?" అంది. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. గట్టు పట్టుకుని లేవబోతోంది.

కోడలు గుమ్మంలో నిలబడి ఆవిణ్ణీ, కిటికీనీ చాలాసేపు చూసింది. "కూర్చోండత్తయ్యా," అని వాచ్‌మన్ వైపు తిరిగింది. "మేనేజరెక్కడ?"

"కిందే ఉన్నాడమ్మా. రేపు చూద్దాం అంటాడు."

"రేపెందుకు? ఇవాళే పూడ్చాలి, నేను దగ్గరుండి చూడాలి. ఈ ఒక్క అంతస్తులో కాదు, అన్నిట్లోనూ. ఆ తర్వాతే తాళంచెవి తీసుకుంటాను."

అత్తగారు కళ్లజోడు సర్దుకుని మళ్లీ కిటికీకి ఆనుకుంది. "విన్నారా అన్నయ్యగారూ? నచ్చని ఇంటి గురించి మా కోడలు పోట్లాడదు. పెదవి విప్పకుండా వచ్చేస్తుంది."

నేను తిరిగి చూసేసరికి కోడలు నా చేతిలోని పదకేళి లాక్కుని మెట్ల దాకా వెళ్లిపోయింది. వెళ్లొస్తానని ఒక్క ముక్క లేదు. "త్వరగా రావయ్యా!" అని వాచ్‌మన్‌ని కేకేస్తూ, లిఫ్టు తలుపు తెరుచుకునే ఉన్నా ఎక్కకుండా, గబగబా దిగిపోయింది.