సరోజక్క నెత్తి లైటు

నిన్న మధ్యాహ్నం చిక్కడపల్లి బస్టాపులో ఉండగా హాస్టల్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. సరోజక్క ఇక లేదని.

వేరే సరోజ అనుకున్నాను. ఫొటో తెరిచి చూశాక ఫోన్ బ్యాగులో పెట్టేశాను. ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది.

జ్వరం అన్నారు. ప్లేట్‌లెట్స్ పడిపోయాయన్నారు.
అంతకంటే తెలియదు.

బ్యాంకు పరీక్షలకు చదువుకునే రోజుల్లో, అశోక్ నగర్ హాస్టల్‌లో అక్కదీ నాదీ ఒకే గది. ప్లైవుడ్ గోడలు, కిటికీ లేదు. కరెంటు పోతే పట్టపగలే చీకటి. మేమంతా ఒక చేత్తో ఫోన్ టార్చి పట్టుకొని తిప్పలు పడేవాళ్ళం. అక్క మాత్రం ఊరి నుంచి తెచ్చుకున్న లైటు నెత్తికి కట్టుకొని, రెండు చేతులా పని చేసుకునేది.

వాళ్ళది చామంతి తోట. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ ఆ లైట్లతో పూలు కోసేవారు. కోస్తున్నంతసేపూ మాటలు నడుస్తాయి కానీ ఎవరూ తల ఎత్తరు. ఎత్తితే వెలుతురు ఎదుటివాళ్ళ కళ్ళలో పడి, కాసేపు పువ్వేదో మొగ్గేదో తెలియదు.

లైటు లేకున్నా అక్క తల దించుకునే మాట్లాడేది.

అక్కకు బ్యాంకు ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. వయసు దాటుతోంది, అదే చివరి అవకాశం. నారాయణగూడలో మాక్ ఇంటర్వ్యూ చేసిన సార్, "ఏందమ్మా, టేబుల్‌కు చెప్తున్నవా జవాబు?" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, టేబుల్‌నే చూస్తూ.

గదికి వచ్చాక, "నన్ను చూసి చెప్పక్కా" అన్నాను.

"అయితలేదే. నీ కండ్లల్ల కొడ్తదేమో అనిపిస్తది."

"ఏం కొడ్తది? లైటే లేదు గద!"

"నాకెరుకనే. మెడకు ఎరుక లేదు."

లైటులోంచి బ్యాటరీ తీసేసి, ఉత్త లైటు ఆమె నెత్తికి కట్టాను. ఎదురుగా కూర్చున్నాను. చాలాసేపటికి తల ఎత్తింది.

"నీ కనుబొమ్మ మీద ఆ మచ్చ ఎప్పటిసందే?"

"చిన్నప్పటిసంది ఉన్నదక్కా."

అప్పటికి ఏడాదిగా మావి పక్క పక్క మంచాలు.

ఇంటర్వ్యూ దాకా రోజూ అలాగే కూర్చున్నాం. అది ముగించుకొని వచ్చి, చెప్పులైనా విడవకుండా అన్నది:
"నడిమిట్ల కూసున్న సారు మీసాలకు రంగేసిండే!"

ఉద్యోగం వస్తుందని అప్పుడే అనుకున్నాను. వచ్చింది.

నిన్న సాయంత్రం వాళ్ళ ఊరికి వెళ్ళాను. అక్క ఒంటి మీద చామంతులు, వాళ్ళ తోటవే. ముఖం పైకి ఉంది. నిలబడి చూశాను.

అక్కా, ఇక ఎవరి కళ్ళలోనో పడుతుందని తల దించుకునే పని లేదు.
నిమ్మళంగా పడుకో.