చాయ్ వణికే హెడ్‌ఫోన్స్

వీణ కచేరీలు వినడానికి, బేస్ తక్కువగా ఉండే హెడ్‌ఫోన్స్ కోసం ఈ రోజు అమీర్‌పేట వెళ్లాను.

"బేస్ తక్కువేందన్నా? చాయ్ ఒణకాలె!" అంటూ షాపాయన హెడ్‌ఫోన్స్‌ను తన చాయ్ గ్లాసుకు తొడిగి, నా వీణ పాట పెట్టాడు. చాయ్ కదల్లేదు.

"పాటలనే దమ్ లేదన్నా" అని నా మీద జాలిపడి, బోనాల డప్పు పెట్టాడు. చాయ్ అలలు అలలుగా ఊగింది. పక్క షాపుల వాళ్లు వచ్చి మరీ చప్పట్లు కొట్టారు.

"మరి నా చెవులకి?" అన్నాను.

"గవే అలవాటైతయ్ తియ్యన్నా."

అన్ని చప్పట్ల మధ్య వద్దనలేక కొనేశాను. ఇంటికొచ్చి వింటే, వీణ మీద ఎవరో కారం దంచుతున్నట్టుంది.

చాయ్ వణికే పాటలేమైనా తెలిస్తే చెప్పండి. గ్లాసు నింపుకుని కూర్చున్నాను.