ఆరింటికి లేపమన్న సారమ్మగారు

పోయినేడాది వానాకాలం. అశోక్‌నగర్‌లో ఒక పాత అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో సారమ్మగారిని చూసుకునే డ్యూటీ నాకు పడింది. నేను కేర్‌గివర్‌ని, అంటే పెద్దవాళ్ల ఇంటికెళ్లి పగలంతా తోడుండే మనిషిని. పదో తరగతితో చదువు ఆగిపోయింది. మిగతాదంతా ఏజెన్సీ వాళ్ల ట్రైనింగ్‌లో నేర్చుకున్నదే. అక్కడ మొదట చెప్పిన మాట యాక్టివ్ ఏజింగ్. పెద్దవాళ్లను మంచానికి అప్పగించేయకుండా, వాళ్లకు చేతనైన పని వాళ్లచేతే చేయించడం.

సారమ్మగారికి డెబ్బై తొమ్మిదేళ్లు. గుంటూరు వైపు నుంచి పెళ్లయ్యాక ఇక్కడికొచ్చారు. పేరు విని నేను మొదటి రోజే, "ఏ చర్చికి పోతరమ్మా?" అని అడిగేశాను.

"చర్చి కాదే పిల్లా, మేం యూదులం. తెలుగు యూదులం," అని నవ్వారు. "అట్లా నోరు తెరిచి చూడకు. మమ్మల్ని చూడ్డానికి టిక్కెట్టేం లేదులే, కూర్చో."

అడిక్‌మెట్, విద్యానగర్‌లలో ఉండే మరో మూడు కుటుంబాలు ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ ఇంట్లోనే కూడేవి. శనివారం వాళ్లకు షబ్బాతు, అన్ని పనులూ మానేసే పవిత్ర దినం. అది ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. సారమ్మగారు రెండు ఇత్తడి కుందుల్లో దీపాలు వెలిగించి ప్రార్థన చెబితేనే అందరికీ అన్నం. మోకాళ్లు అరిగి, వారమంతా మంచం దిగనని మొరాయించే మనిషి గురువారం నుంచే మారిపోయేవారు. నారాయణగూడ మార్కెట్ నుంచి నేను తెచ్చిన మైదాను వేళ్లతో నలిపి, "పాత సరుకు. నీ మొహం చూసి అంటగట్టాడు," అనేవారు. పిండి తనే పిసికి, షబ్బాతు రొట్టెను జడలా అల్లేవారు. కేర్ ప్లాన్‌లో, అంటే ఏ రోజు ఏం చేయించాలో రాసుకునే కాగితంలో, నేను పెట్టిన వ్యాయామాలన్నీ కలిపినా ఆ ఒక్క పనికి సరిరావు.

నా డ్యూటీ ఐదింటికి అయిపోయేది. అందుకే ఆ దీపాలు వెలిగించడం నేనెప్పుడూ చూడలేదు. ఒక శుక్రవారం మాత్రం గట్టి వాన. కూతురు ఎస్తేరక్క బట్టల షాపులో పనిచేస్తుంది. మధ్యాహ్నమే ఫోన్ చేసి, "రోడ్డంత నీళ్లే, ఆటోలు రావట్లే. నేనొచ్చేదాక జర ఉండవా శ్రావణీ," అంది.

ముందురోజు రాత్రంతా నొప్పులతో సారమ్మగారికి కునుకు లేదు. నేను ఉంటానని తెలిసి పడుకుంటూ, "ఆరింటికి లేపమ్మా," అన్నారు. ఆరింటికి వెళ్లాను. పసిపిల్లలా నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. లేపడానికి ప్రాణం ఒప్పలేదు. మా ఇంట్లో అమ్మ చీకటి పడ్డాకే దీపం పెడుతుంది. ఇంకా వెలుతురుంది కదా, పడుకోనీ అనుకున్నాను. బాగా చీకటి పడ్డాక లేపి, "అమ్మా, దీపాల టైమైంది," అన్నాను.

ఆమె కిటికీ వైపు చూశారు. "పొద్దు గూకిందా?"

"ఇప్పుడే."

"పొద్దుండగానే పెట్టాలే. గూకాక నిప్పు ముట్టకూడదు మేం."

"నేను ముట్టిస్తనమ్మా. నేను మీవాళ్లల్ల దాన్ని కాదు కదా."

"నువ్వు పెడితే అది నా దీపం ఎట్లా అవుద్దే?"

భర్త చనిపోయిన వారంలో కూడా తప్పని దీపమట అది.

ఎస్తేరక్క తడిసిపోయి వచ్చింది. వెనకే అడిక్‌మెట్ వాళ్లు. "అమ్మా, దీపాలేవి?" అంది. నేను నోరు తెరిచేలోపే సారమ్మగారు, "నిద్రపోయానే. గుర్తు రాలేదు," అన్నారు. నావైపు చూడను కూడా చూడలేదు. కంప్లయింట్ వెళితే నా పని పోతుందని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. నోరు మూసుకున్నాను. హ్యాండోవర్ నోట్‌లో, రోజు చివర ఇంటివాళ్లకు మేం రాసిపెట్టే కాగితంలో, "అమ్మగారు సాయంత్రం నిద్రపోయారు" అని రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు.

సోమవారం వెళ్లేసరికి ఎస్తేరక్క వంటింట్లో ఏడుస్తోంది. "దీపాలు మర్చిపోయిందంటే అమ్మకు మతి పోతున్నట్టే గదా? ఇగ పొయ్యి దగ్గరికి రానియ్యొద్దు," అంది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆ వచ్చే శుక్రవారం నుంచి దీపాలు ఎస్తేరక్కే పెట్టింది. రొట్టె చిక్కడపల్లి బేకరీ నుంచి వచ్చింది. సారమ్మగారు గురువారం లేవడం మానేశారు. తర్వాత స్నానానికి లేవడం. నెల తిరిగేసరికి ఆవిడ పట్టుకుని నడిచే వాకర్ మీద బట్టలు ఆరేస్తున్నాం.

చివరికి ఒక శుక్రవారం ఉండబట్టలేక, డ్యూటీ అయ్యాక కూడా ఆగి, దీపాల వేళకు ఎస్తేరక్కకు చెప్పేశాను. "అక్కా, తప్పు నాది. ఆరింటికి లేపమన్నరు, నేనే లేపలే."

"ఇప్పుడు చెప్తవా?" అని ఒక్క మాట అంది ఎస్తేరక్క. పరుగున వెళ్లి తల్లి చేతిలో అగ్గిపెట్టె పెట్టింది. "అమ్మా, ఇయ్యాల నువ్వే పెట్టు. నువ్వేం మర్చిపోలేదంట."

సారమ్మగారు రెండు పుల్లలు గీశారు. రెండూ విరిగిపోయాయి. పెట్టె కూతురికి తిరిగిచ్చేసి నావైపు చూశారు. ఆ చూపులో దాపరికం ఏమీ లేదు.

"నా తప్పు నీ మీదెందుకు వేసుకుంటావే పిల్లా? మర్చిపోయింది నేనే."

ఆ మాట నన్ను కాపాడడానికి అన్నది కాదు. నెల రోజులు ఇంట్లో అందరూ అదే నమ్మితే, ఆవిడా నమ్మేశారు.

నన్ను దోమలగూడలో మరో ఇంటికి మార్చారు. ఇప్పుడు పెద్దవాళ్లు ఏ టైముకు లేపమంటే ఆ టైముకు లేపుతాను, తిట్టినా సరే. తప్పు చేస్తే ఆ పూటే చెబుతాను, పని పోయినా సరే. ఈ నేర్చుకున్నదంతా వేరేవాళ్లకు పనికొస్తోంది. సారమ్మగారు మాత్రం శుక్రవారం సాయంత్రాలు గోడవైపు తిరిగి పడుకుంటున్నారని ఎస్తేరక్క చెప్పింది.